ఎల్‌డీఎల్ పచ్చగా, అపోబీ ఎర్రగా: ఏ అంకెను నమ్మాలి?

ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టుల్లో కొలెస్ట్రాల్ కింద ఈమధ్య అపోబీ, లైపోప్రోటీన్-ఏ అని రెండు కొత్త వరసలు చేరాయి. వాటి పక్కన ఎర్ర గుర్తు కనిపించగానే గాభరా పుడుతోందనీ, అదేమిటో విడమరిచి చెప్పేవాళ్లు దొరకడం లేదనీ బెంగళూరు పాఠకులు రాస్తున్నారు. ఆ ఉత్తరాలకే ఈసారి జవాబులు. వేరే కొలత అని చెప్పని చోటల్లా అంకెలు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయని చదువుకోండి. మందుల సంగతి మీ డాక్టరుతో మాట్లాడటానికి పనికొస్తుందని రాశాం. దుకాణానికి వెళ్లి సొంతంగా కొనుక్కోవద్దు.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, కూర్చుని చేసే ఉద్యోగం. మొత్తం కొలెస్ట్రాల్ 188, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 240, ఎల్‌డీఎల్ 106 వచ్చాయి. ఎల్‌డీఎల్ పక్కన పచ్చ గుర్తు ఉంది. అపోబీ 118, దానికి ఎర్ర గుర్తు. ఫోన్లో మాట్లాడిన డాక్టరు "ఎల్‌డీఎల్ బాగానే ఉంది, వదిలెయ్యండి" అన్నారు. వదిలెయ్యొచ్చా? – మారతహళ్లి పాఠకుడు

జవాబు: వదిలెయ్యకండి. మీ కాగితంలో నమ్మాల్సిన అంకె ఆ 118.

కొవ్వు నీళ్లలో కరగదు. రక్తరసం చూస్తే నూటికి తొంభై పాళ్లు నీళ్లే. అందుకని కాలేయం ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వునూ కొలెస్ట్రాల్‌నూ చిన్న చిన్న మూటలుగా కట్టి రక్తంలోకి వదులుతుంది. ఆ మూటను బిగించి ఉంచే తాడే అపోబీ అనే ప్రోటీన్. మన ఒంట్లోని బాగా పెద్ద ప్రోటీన్లలో ఇదొకటి, 4,536 అమైనో ఆమ్లాల గొలుసు. చిన్నా చితకా ప్రోటీన్లు ఒక మూట మీంచి ఇంకో మూట మీదికి మారుతుంటాయి గానీ ఇది మారదు. మూటకు ఒకే ఒక్క తాడు. కాలేయంలో కట్టిన క్షణం నుంచి ఏదో ఒక కణం ఆ మూటను లోపలికి లాక్కునేదాకా అదే తాడు. కొత్తగా బయల్దేరిన వీఎల్‌డీఎల్ అయినా, దారిలో కొవ్వు దించేసి చిక్కిన ఎల్‌డీఎల్ అయినా లెక్క ఒకటే. కాబట్టి తాళ్లు లెక్కపెడితే మూటలు లెక్కపెట్టినట్టే.

ఎల్‌డీఎల్ అంకె చెప్పేది మూటల్లో ఉన్న కొలెస్ట్రాల్ బరువు. పైగా మీ రిపోర్టులో దాన్ని కొలవలేదు, లెక్కగట్టారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం ఇచ్చిన సూత్రం అది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి, మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేయడం. 188 లోంచి 34, 48 తీస్తే 106. కాగితం మీద వేసి చూసుకోండి, అణా పైసలతో సరిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఈ సూత్రం ఎల్‌డీఎల్‌ను తక్కువ చేసి చూపుతుంది. 400 దాటితే అసలు వాడకూడదు.

సూత్రం కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో కాలేయం ట్రైగ్లిజరైడ్లు కూరిన వీఎల్‌డీఎల్ మూటలను అదేపనిగా వదులుతుంది. సీఈటీపీ అనే మరో ప్రోటీన్ మధ్యలో చేరి మార్పిడి నడుపుతుంది. వీఎల్‌డీఎల్‌లోని ట్రైగ్లిజరైడ్ తెచ్చి ఎల్‌డీఎల్‌లో పెడుతుంది, ఎల్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్ తీసుకెళ్లి అక్కడ పెడుతుంది. అలా వచ్చిన ట్రైగ్లిజరైడ్‌ను కాలేయపు లైపేజ్ అనే ఎంజైమ్ కోసేస్తుంది. చివరికి మిగిలేది చిన్న, గట్టి ఎల్‌డీఎల్. ఒక్కో మూటలో కొలెస్ట్రాల్ తక్కువ, మూటల సంఖ్య మాత్రం ఎక్కువ. అన్నిటినీ కలిపి తూస్తే 106, పచ్చ గుర్తు.

118 అంటే ఎన్ని మూటలో తెలియాలంటే ఒక్క చుక్క రక్తరసం తీసుకోండి, మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. అపోబీ అణువు బరువుతో భాగించి చూస్తే ఆ చుక్కలో 65 నుంచి 70 లక్షల కోట్ల మూటలు ఉంటాయి. ఇవి రోజంతా గుండె ధమనుల గోడలను రాసుకుంటూ పోతుంటాయి. గోడ లోపలి పొరలో ప్రోటియోగ్లైకాన్లు అనే పోగులుంటాయి, వాటిది రుణావేశం. అపోబీ మీద ధనావేశం ఉన్న భాగం ఒకటుంది. రెండూ అతుక్కుంటే మూట అక్కడే చిక్కుకుంటుంది, ఆక్సీకరణం చెందుతుంది, తెల్లకణాలు దాన్ని మింగి ఉబ్బుతాయి, పూడిక మొదలవుతుంది. చిక్కుకునేది మూట. దాన్లో సరుకు నిండుగా ఉందా సగమే ఉందా అన్నది తర్వాతి మాట.

మన ప్రాంతం వాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2004లో ఫలితాలు వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చిన సుమారు 15,000 మందిని, రానివాళ్లతో పోల్చింది. అపోబీకి, హెచ్‌డీఎల్‌ను మోసే అపో ఏ-1 ప్రోటీన్‌కి ఉన్న నిష్పత్తి ముప్పును చెప్పే గుర్తుల్లో అన్నిటికన్నా ముందు నిలిచింది. అదే అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, మిగతా చోట్ల 59. మీకు ఇప్పుడు 41.

అపోబీ ఎంత ఉండాలి? 2019 యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం ముప్పు ఓ మాదిరిగా ఉన్నవాళ్లకు 100 లోపు, ఎక్కువ ఉంటే 80 లోపు, చాలా ఎక్కువ ఉంటే 65 లోపు. 2018 అమెరికన్ పత్రం 130 దాటితేనే దాన్ని ముప్పు పెంచే అంశంగా లెక్కవేస్తుంది. మీ 118 మధ్యలో పడింది. అయినా హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 240 పక్కన ఉన్నప్పుడు 100 లోపుకు దించడమే సరైన పని అని మా గట్టి అభిప్రాయం. అపోబీ పరీక్షకు డబ్బు పెట్టలేనివాళ్లు మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి చూసుకోవచ్చు. దాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. మీకు 154. అది 130 లోపు ఉండాలి. చూశారా, పైసా ఖర్చు లేని ఆ తీసివేత కూడా మీ పచ్చ గుర్తును ఒప్పుకోవడం లేదు.

ముందు చేయాల్సినవి: మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కాలేయానికి ఏఎల్‌టీ, కిడ్నీలకు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్. థైరాయిడ్ మందగించినా, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా అపోబీ పెరుగుతుంది. అప్పుడు వైద్యం ముందుగా వాటికి జరగాలి. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి, గాలి వదిలాక. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఎక్కువన్నట్టే.

తర్వాత పన్నెండు వారాలు గట్టిగా పట్టుకోండి. మీ రిపోర్టులో మొదట కోయాల్సింది తీపి, పళ్లరసం, కూల్‌డ్రింకు, మద్యం, రాత్రి పూట రెండోసారి వడ్డించుకునే అన్నం. ట్రైగ్లిజరైడ్లు పెరిగేది ఎక్కువగా వీటితోనే. "నూనె మానేశాను, అయినా తగ్గలేదు" అనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఒంటి బరువులో నూటికి 5 నుంచి 10 పాళ్లు తగ్గితే ట్రైగ్లిజరైడ్లు అయిదో వంతు దాకా దిగుతాయి. వారానికి 150 నిమిషాల వేగపు నడక తగ్గకూడదు, క్యాబ్ నుంచి లిఫ్టు దాకా నడిచింది దీన్లో కలపకండి. ఇసబ్‌గోల్ పొట్టు రోజుకు 10 గ్రాములు పెద్ద గ్లాసు నీళ్లతో తాగితే ఎల్‌డీఎల్ నూటికి ఓ 5 పాళ్లు తగ్గుతుంది. నీళ్లు తక్కువైతే గొంతులోనో పేగులోనో ఉండకట్టి ఇబ్బంది పెడుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉంచాలి. పన్నెండు వారాల తర్వాత కూడా అపోబీ 100 పైనే ఉంటే, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నాయా, పొగ తాగుతారా, బీపీ ఎంత అన్నవి చూసి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: అపోబీకి పరగడుపునే వెళ్లాలా? ఒక ల్యాబులో 1.04, పది రోజుల తర్వాత ఇంకో ల్యాబులో 97 వచ్చింది. ఇంత తేడా ఏమిటి? – జయనగర్ పాఠకురాలు

జవాబు: తేడా ఏమీ లేదమ్మా. మొదటిది లీటరుకు గ్రాముల్లో ఇచ్చారు, వందతో గుణిస్తే 104. రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, 97. ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ, ఒకే నమూనాకు ల్యాబుకూ ల్యాబుకూ ఆ మాత్రం తేడా ఉంటుంది. నూటికి పది పాళ్ల లోపు కదలికను పెరిగిందనో తగ్గిందనో అనుకోవద్దు.

పరగడుపు అక్కర్లేదు. తిన్న తర్వాత పేగు కట్టే మూటలను కైలోమైక్రాన్లు అంటారు. వాటి తాడు కూడా అపోబీ జన్యువు నుంచే వస్తుంది గానీ పేగు కణాలు ఆ సందేశంలో ఒక్క అక్షరం మార్చి మధ్యలోనే ఆపేస్తాయి. అందుకే అది 2,152 అమైనో ఆమ్లాల దగ్గర ఆగిపోతుంది. నిండు గొలుసులో నూటికి 48 పాళ్లు కాబట్టి దాన్ని అపోబీ-48 అంటారు. భోజనం చేసినా ఆ మూటల సంఖ్య ఎల్‌డీఎల్ ముందు లెక్కలోకి రానంత తక్కువ. ట్రైగ్లిజరైడ్లు మాత్రం తిండితో పెరుగుతాయి. అవి 400 దాటి వస్తే 10–12 గంటలు మంచినీళ్లు మాత్రమే తాగి మళ్లీ ఇవ్వండి.

పరగడుపు కన్నా పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ట్రాఫిక్‌లో పడి, మెట్లెక్కి వచ్చి వెంటనే చెయ్యి చాపకండి, అయిదు నిమిషాలు కూర్చోండి. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటితే రక్తం అక్కడ చిక్కబడి అంకెలు పెరుగుతాయి, వదులు చేయమని అడగండి. జ్వరం, ఆపరేషన్, గుండెపోటు తర్వాత కొన్ని వారాలు ఎల్‌డీఎల్, అపోబీ దిగి కనిపిస్తాయి. గర్భిణుల్లో సహజంగానే పెరుగుతాయి. అలాంటప్పుడు తీసిన రిపోర్టుతో నిర్ణయాలు వద్దు.

ప్రశ్న: మా తాతగారు నెయ్యి తాగినంత పనిచేసి 88 ఏళ్లు బతికారు. నెయ్యి, వెన్న నిజంగా చెడ్డవా? గుడ్డు సంగతి? – బసవనగుడి పాఠకుడు

జవాబు: సంతృప్త కొవ్వు ఎక్కువైతే కాలేయం తన కణాల మీద ఉండే ఎల్‌డీఎల్ గ్రాహకాలను తగ్గించుకుంటుంది. ఆ గ్రాహకాలు అపోబీని పట్టి మూటను లోపలికి లాగాలి. అవి తగ్గితే మూటలు రక్తంలోనే తిరుగుతుంటాయి. లెక్క ఇదీ: టేబుల్ స్పూను వెన్నలో సుమారు 7 గ్రాములు, నెయ్యిలో 8 నుంచి 9, కొబ్బరినూనెలో 12 గ్రాముల సంతృప్త కొవ్వు. రోజుకు 1,800 కేలరీలు తినే మనిషి అపోబీ తగ్గించుకోవాలంటే 14 గ్రాముల లోపు ఉండాలి. దర్శిని టిఫిన్ హోటల్లో బెన్నె (వెన్న) దోశ పెనం మీద ఉండగా చూడండి: అంచుల చుట్టూ ఒక గరిటె, మడిచాక పైన ఇంకో ముద్ద. అవి రెండు స్పూన్లయితే పొద్దున తొమ్మిదింటికే రోజు కోటా అయిపోయినట్టు. వారానికొకసారి తినండి, రోజూ వద్దు. అన్నంలో చెంచాడు నెయ్యితో కొంప మునగదు, మిగతా రోజంతా వేరుశెనగ లాంటి నూనెలు నాలుగైదు టీస్పూన్ల లోపు ఉంటే. రోజుకొక గుడ్డు చాలామందికి ఫరవాలేదు. ఆమ్లెట్‌కు పోసే నూనె మీద కన్నేయండి.

కాఫీ గురించి అడగలేదు గానీ చెప్పాలి. పొడిని నీళ్లలో మరిగించి వడకట్టని కాఫీలో కఫెస్టాల్ అనే పదార్థం ఉండిపోయి ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. కాగితపు ఫిల్టరు దాన్ని దాదాపు పూర్తిగా ఆపుతుంది. మన స్టీలు ఫిల్టరు అంతగా ఆపలేదు. రోజుకు అయిదారు కప్పులు లాగించేవాళ్లు రెండుకు దిగడం మంచిది.

ప్రశ్న: నాన్నకు 48 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. నాకు 36. పోయిన ఏడు లైపోప్రోటీన్-ఏ 142 ఉంది. ఈ ఏడు ఇంకో చోట చేయిస్తే 61. తగ్గిందని సంతోషపడొచ్చా? – హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పాఠకురాలు

జవాబు: రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి అంకె పక్కన కొలత చూడండి. మొదటిది లీటరుకు నానోమోల్స్, రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాములు అయి ఉండాలి. మొదటిది కణాల సంఖ్య, రెండోది బరువు. రెండూ హద్దుకు పైనే: నానోమోల్స్‌లో 125, మిల్లీగ్రాముల్లో 50 దాటితే ఎక్కువ కిందే లెక్క. తగ్గలేదమ్మా, ఉన్నచోటే ఉంది.

ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చడానికి ఖచ్చితమైన గుణకం లేదు. కారణం ఆ ప్రోటీన్ తీరులోనే ఉంది. ఇది ఎల్‌డీఎల్ లాంటి మూటే. దాని అపోబీకి అపో-ఏ అనే ఇంకో ప్రోటీన్ తోకలా అతుక్కుని ఉంటుంది. ఆ తోకలో క్రింగిల్ అనే మడత మళ్లీ మళ్లీ వస్తుంది, కొందరిలో కొద్దిసార్లు, కొందరిలో నలభై దాకా. ఎన్నిసార్లన్నది పుట్టుకతో వస్తుంది. తోక పొట్టిదైతే కాలేయం ఎక్కువ తయారుచేయగలుగుతుంది, అందుకని పొట్టి తోకవాళ్లలోనే అంకె పెద్దగా ఉంటుంది. తోక బరువు మనిషికో రకం కాబట్టి బరువును సంఖ్యగా మార్చే లెక్క మనిషికో రకంగా తప్పుతుంది. వీలైతే నానోమోల్స్‌లో ఇచ్చే ల్యాబునే ఎంచుకోండి. నార్వే శాస్త్రవేత్త కోరె బర్గ్ 1963లో దీన్ని గుర్తించారు.

తిండి మార్చినా, నడిచినా ఇది దాదాపు కదలదు. స్టాటిన్లు తగ్గించవు, కాస్త పెంచొచ్చు కూడా. అయినా స్టాటిన్ మానకూడదు, ఎందుకంటే మిగతా మూటలను అది దించుతుంది, ఆ లాభమే పెద్దది. దీని తయారీనే ఆపే ఇంజెక్షన్లు ప్రయోగాల దశలో ఉన్నాయి. జీవితంలో ఒక్కసారి పరీక్ష చాలు, ఏటా డబ్బు తగలేయకండి. ఆ డబ్బుతో మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ చేయించండి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఇది దిగే అవకాశం ఒక్కొక్కరికీ సగానికి సగం. మీ వరకు మీరు మార్చగలిగిన వాటిని మామూలు వాళ్లకన్నా ఒక మెట్టు కిందికి తేవాలి: అపోబీ 80 లోపు, బీపీ, చక్కెర అదుపులో, పొగకు దూరం. నాన్నకు వచ్చిన వయసును డాక్టరుకు తప్పక చెప్పండి. మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు వస్తే దాన్ని కుటుంబ ముప్పుగా లెక్కిస్తారు.

ప్రశ్న: నాకు 29. ట్రైగ్లిజరైడ్లు 1,380. ల్యాబువాళ్లు నా రక్తం పాలలా ఉందని ఫోటో పంపారు. అపోబీ 88 మాత్రమే. మరి భయం లేనట్టేనా? – కె.ఆర్. పురం పాఠకుడు

జవాబు: మూటల లెక్క పనికిరాని చోటు ఇది. మీకు ముందున్న ప్రమాదం క్లోమానికి, గుండె తర్వాత. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వాంతులు వస్తే అర్ధరాత్రయినా సరే క్యాజువాలిటీకి వెళ్లండి, ట్రైగ్లిజరైడ్లు 1,380 అని ముందే చెప్పండి. పాలలాంటి రక్తంలో, క్లోమం వాపును చూసే అమైలేజ్ పరీక్ష మామూలుగా ఉన్నట్టు తప్పు చూపొచ్చు, లైపేజ్ అడగాలి. సోడియం కూడా కొన్ని యంత్రాల్లో ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది.

ఆ రక్తం ఉన్న గొట్టాన్ని కదపకుండా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే విషయం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పొద్దుటికి పైన మీగడలా తెల్లటి పొర తేలి, కింద తేటగా ఉంటే పేరుకున్నవి తిండి నుంచి వచ్చిన కైలోమైక్రాన్లు. పైన పొర లేకుండా గొట్టమంతా మజ్జిగలా ఉంటే కాలేయం వదిలిన వీఎల్‌డీఎల్. రెండూ ఉంటే మీగడా, దాని కింద మజ్జిగా. ఇవి పెద్ద మూటలు, ఒక్కోదానిలో బోలెడు కొవ్వు. అందుకే సంఖ్య చిన్నదైనా రక్తం చిక్కబడింది.

ఈ కొవ్వును కోసే కత్తి కండరాల, కొవ్వు కణజాలపు సన్న రక్తనాళాల గోడల మీద ఉంటుంది, పేరు లైపోప్రోటీన్ లైపేజ్. దానికి తాళంచెవి అపో సీ-2, గొళ్లెం అపో సీ-3. పుట్టుకతో ఈ జన్యువుల్లో లోపం ఉండొచ్చు. 29 ఏళ్లకు ఎక్కువగా కనిపించేది లోపలున్న చిన్న బలహీనతకు మద్యం, అదుపులో లేని చక్కెర, స్టెరాయిడ్లు, థైరాయిడ్ లాంటిది తోడవడం. ఈ రోజు నుంచే మద్యం పూర్తిగా బంద్. తిండిలో మొత్తం కొవ్వు రోజుకు 15–20 గ్రాములకు దించండి, అంటే తాలింపుకు టీస్పూను నూనె తప్ప వేపుళ్లు, పప్పుల పొడులు, కొబ్బరి ఏమీ వద్దు. "మంచి నూనె" కూడా ఇప్పుడు చెడ్డదే, ఏ నూనె అయినా కైలోమైక్రాన్‌గానే వస్తుంది. ట్రైగ్లిజరైడ్లను తగ్గించే ఫెనోఫైబ్రేట్ మాత్ర అవసరమవుతుంది, రెండు మూడు రోజుల్లోనే డాక్టరును కలవండి. 500 లోపుకు దిగాక అపోబీ మళ్లీ చూడాలి, అసలు బొమ్మ అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: హెచ్‌డీఎల్ పెంచే మాత్ర ఏదైనా ఉందా? – యలహంక పాఠకుడు

జవాబు: అంకెను పెంచే మాత్రలు వచ్చాయి, ఆ పెంపు వల్ల గుండెను కాపాడినట్టు రుజువైనవి లేవు. టోర్సెట్రాపిబ్ హెచ్‌డీఎల్‌ను బాగా పెంచింది, కానీ వేసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువై 2006లో ఆపేశారు. నియాసిన్ కూడా పెద్ద పరీక్షల్లో నిలవలేదు. ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున లిమోనె అనే ఊరుంది. అక్కడ కొన్ని కుటుంబాల్లో అపో ఏ-1లో ఒక అమైనో ఆమ్లం మారి ఉంటుంది. వాళ్ల హెచ్‌డీఎల్ చాలా తక్కువ, అయినా గుండె జబ్బులు అందుకు తగ్గట్టు పెరగలేదు. హెచ్‌డీఎల్ తక్కువ ఉంటే దాన్నొక హెచ్చరికగా చూడండి, వైద్యం అపోబీకి చేయించండి.

ప్రశ్న: ఉమ్మి పంపి చేయించుకున్న జన్యు పరీక్షలో నాకు అపో ఈ 3/4 అని వచ్చింది. అమ్మకు 70 ఏళ్లకు మతిమరుపు జబ్బు మొదలైంది. పిల్లలకూ చేయించనా? – ఇందిరానగర్ పాఠకురాలు

జవాబు: పిల్లలకు వద్దు. తెలుసుకున్నా ఇప్పుడు వాళ్లకు చేయగలిగింది ఏమీ లేదు, మోయాల్సిన బరువు మాత్రం మిగులుతుంది. పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారు.

అపో ఈ 299 అమైనో ఆమ్లాల ప్రోటీన్. రక్తంలో మిగిలిపోయిన మూటలను కాలేయానికి చేర్చడం, మెదడులో కణం నుంచి కణానికి కొవ్వు మోయడం దీని పని. దీనిలో ఈ2, ఈ3, ఈ4 అని రకాలున్నాయి, 3/4 అంటే మీకు ఈ3 ఒకటి, ఈ4 ఒకటి ఉన్నట్టు. ఈ3, ఈ4లకు తేడా ఒక్కచోటే, 112వ స్థానంలో సిస్టీన్ బదులు ఆర్జినిన్. ఒక ఈ4 ఉంటే ఆల్జీమర్స్ ముప్పు లేనివాళ్లకన్నా రెండు మూడు రెట్లు. ఒక ఈ4 ఉన్నవాళ్లలో చాలామందికి ఆ జబ్బు రానే రాదు, ఈ4 లేనివాళ్లకూ వస్తుంది. బీపీ, చక్కెర, వినికిడి, నిద్ర, అపోబీ చూసుకోవడం మీ చేతిలో ఉంది. అమ్మగారిని నిమ్హాన్స్ లాంటి చోట జ్ఞాపకశక్తి పరీక్షలకు తీసుకెళ్లండి. బీ12, థైరాయిడ్ లోపం లాంటి సరిదిద్దగలిగిన కారణాలు ముందు చూస్తారు.

అపో ఈ 2/2 అని వచ్చినవాళ్లకు ఒక మాట. వాళ్లలో కొందరికి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ 300 దాటి, అపోబీ మాత్రం మామూలుగా ఉంటుంది. అరచేతి గీతల్లో పసుపు-నారింజ రంగు కొవ్వు గీసినట్టు కనిపిస్తే దానికి గుర్తు అదే. మామూలు అపోబీని చూసి ఊరుకోకూడని రెండో సందర్భం ఇది.

ప్రశ్న: మా నాన్నగారికి 63, స్టెంట్ ఉంది, షుగరు ఉంది. రోసువాస్టాటిన్ 10 మీద ఎల్‌డీఎల్ 68, ట్రైగ్లిజరైడ్లు 210, అపోబీ 92. డాక్టరుగారు ఎజెటిమైబ్ కూడా రాశారు. 70 లోపే ఉండగా ఇంకో మాత్ర ఎందుకు? – వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: డాక్టరుగారు రాసింది సరైనదే. స్టెంట్ పడ్డవాళ్లకు అపోబీ 65 లోపు, ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి. షుగరు, ట్రైగ్లిజరైడ్లు ఉన్నవాళ్లలో 68ని చూసి నిశ్చింతగా ఉండటం మారతహళ్లి పాఠకుడికి చెప్పిన తప్పే.

స్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. కొరత పడ్డ కాలేయం మరిన్ని గ్రాహకాలను పైకి తెచ్చి, అపోబీని పట్టి మూటలను లాక్కుంటుంది. ఈ గ్రాహకాలను కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా నూటికి 6 పాళ్లే దిగుతుంది. ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు పేగులో కొలెస్ట్రాల్‌ను పీల్చుకోనివ్వకుండా, ఉన్నదాన్లో ఇంకో అయిదో వంతు దాకా దించుతుంది. అపోబీ అంతకన్నా కొంచెం తక్కువగా దిగుతుంది, 92 నుంచి 75–80 మధ్యకు రావచ్చు. అంటే అక్కడితో సరిపోదు. చక్కెర అదుపు, బరువు, స్టాటిన్ 20కి పెంచడం, ఇంకా మిగిలితే పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌ను ఆపే ఇంజెక్షన్. ఆ ప్రోటీన్ గ్రాహకాలను పాడుచేస్తుంది, దాన్ని ఆపితే గ్రాహకాలు ఎక్కువకాలం నిలుస్తాయి. ఖర్చు ఎక్కువ కాబట్టి అది చివరి మెట్టు.

తొడల్లో, భుజాల్లో రెండు వైపులా కొత్తగా నొప్పి వస్తే మాత్ర తానుగా ఆపకుండా డాక్టరుకు చెప్పి, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీకే పరీక్ష చేయించండి. మూత్రం ముదురు రంగుకు మారితే మాత్రం ఆపి అదే రోజు వెళ్లాలి. కొత్త మాత్ర మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు అదే ల్యాబులో అపోబీ, ఏఎల్‌టీ చూడండి. చాలామంది పెద్దవాళ్లు "అసలు కొలెస్ట్రాల్ ఎంతుందో తెలియాలి" అని పరీక్షకు నాలుగు రోజుల ముందు మాత్రలు మానేసి వెళ్తారు. అప్పుడు వచ్చే అంకె మందు పనిచేస్తోందో లేదో చెప్పలేదు. ముందు రాత్రి మాత్రలు మామూలుగానే వేసుకుని, ఏ రోజు నుంచి ఏ మోతాదు అన్నది ఒక చీటీ మీద రాసి రిపోర్టుకు గుచ్చి పెట్టండి.